ఎర చెట్లు ఒలిచిన ఆదివారం

ఆ ఆదివారం మా ఊరికి బ్యాండు వచ్చింది, పీపాల్లో బీరు వచ్చింది, నిప్పుల మీద సాసేజీలు చిటపటలాడాయి. మే నెలాఖరు పండగలో పడగొట్టడానికి మే స్తంభమే లేదు. బెరడు నున్నగా ఒలిచి ఊరి నడుమ నిలబెట్టే పొడవాటి మాను అది. నెల మొదట్లో దాన్ని నిలబెట్టిన రాత్రే, కాపలావాళ్ళు తాగి గుర్రు పెడుతుంటే, పక్క ఊరు జాలెసీ వాళ్ళు కోసి ఎత్తుకుపోయారు. అది దొంగతనం కాదు, ఆనవాయితీ. పరువు మాత్రం మాది పోయింది.

నాకు స్తంభం గొడవ పట్టలేదు. నా ప్రాణమంతా కొండ వాలున మిగిలిన మా స్ప్రూస్ చెట్ల తోపు మీదే ఉంది. మా విసోచినా కొండల్లో అడవంతా బెరడు పురుగు తినేసి బోసిపోయింది. ఈ తోపునైనా దక్కించుకుందామని చలి పూర్తిగా తగ్గకముందే కొన్ని చెట్లు నరికి ఎరగా పడేశాను. పురుగులు పచ్చ చెట్లను వదిలి వాటిలోకి దూరాయి. ఇప్పుడు బెరడు కింద వాటి పిల్లలు తెల్లగా బలిసి ఉన్నాయి. రెక్కలొచ్చేలోగా ఒలిచేస్తే చస్తాయి. లేకపోతే నా ఎరే నా కొంప ముంచుతుంది. వచ్చే వారమంతా ఎండలన్నారు, ఎండకి రెక్కలు తొందరగా వచ్చేస్తాయి. ఒలిచే యంత్రం ఎవరిని అడిగినా దొరకలేదు.

మేయరు వెండెలీన్ దగ్గరికి వెళ్ళాను.

"ఇంతమంది మగాళ్ళున్నారు కదా, ఒక్క పూట కత్తులు పట్టమను."

"పండగ పూట పనేంటి బొహ్దానా? ఇదుగో, బీరు తాగు, చల్లబడతావ్."

నాకు ఒళ్ళు మండింది. అక్కడే నిలబడి జాలెసీ అగ్నిమాపక దళం నాయకుడు లుబోర్‌కి ఫోన్ చేశాను.

"ఏరా లుబోర్, మీకు బెరడు ఒలవడం చేతకాదట గదా! అందుకే ఒలిచిన స్తంభం ఎక్కడ దొరికితే అక్కడ ఎత్తుకెళ్తారట!"

మా దగ్గర ఇంతకన్నా పెద్ద తిట్టు లేదు. స్తంభం మీద బెరడు ముక్క మిగిలితే దాని కింద మంత్రగత్తెలు దాక్కుంటారని ఊళ్ళకు ఊళ్ళే నవ్వుతాయి.

"ఎవరన్నారత్తా ఆ మాట?"

"మా మేయరే."

వెండెలీన్ నోట్లో సాసేజీ అలాగే ఉండిపోయింది.

జాలెసీ వాళ్ళు రెండు పిడుల కత్తులు పట్టుకుని ట్రాక్టరెక్కి వచ్చేశారు. వాళ్ళు ఒలుస్తుంటే మావాళ్ళు చూస్తూ కూర్చుంటారా? పీపా దొర్లించుకుంటూ, బ్యాండును వెంటేసుకుని కొండెక్కారు. బెరడు పట్టీలు గాల్లోకి లేచాయి. తెల్ల పురుగులు వెండెలీన్ మీసాల్లో పడ్డాయి, బీరు నురగలో ఈదాయి. బాకా ఊదేవాడు బాకా పక్కన పడేసి ఎవరి చేతిలోంచో కత్తి లాక్కున్నాడు.

"ఒలవడమంటే అదా? మా అమ్మమ్మ బంగాళదుంపలు ఇంతకంటే నున్నగా ఒలుస్తుంది!" అన్నాడు జాలెసీ వాడొకడు.

"అయితే మీ అమ్మమ్మనే పంపాల్సింది!"

నవ్వి నవ్వి నాకు డొక్కలు నొప్పెట్టాయి.

సాయంత్రానికి పడి ఉన్న చెట్లన్నీ తెల్లబడ్డాయి. చేతుల్లో ఊపు మాత్రం తగ్గలేదు. లుబోర్ కేకేసి పక్కనున్న మాను మీద కత్తి వేశాడు.

"ఒరేయ్ సన్నాసీ! అది బతికున్న చెట్టురా!"

కొట్టడానికి చెయ్యెత్తి పరుగెత్తాను. వాడు బిక్కచచ్చిపోయి కత్తి వదిలేశాడు. గాటు చిన్నదే. చూస్తుండగానే అందులోంచి జిగురు ఉబికింది, చిక్కగా, ధారగా. పురుగు దూరితే ముంచి చంపడానికి చెట్టుకున్నది ఆ జిగురొక్కటే. కొన్నేళ్ళుగా వానల్లేక అది మా చెట్లలో ఇంకిపోయిందనే అనుకున్నాను. వేలు పెట్టి చూశాను. అతుక్కుపోయింది.

"ఏడుస్తున్నావా అత్తా? నిజంగా చూసుకోలేదు."

"చెట్టు గట్టిగా ఉందిరా!"

కొట్టబోయిన చేత్తోనే వాణ్ణి లాగి గిరగిరా తిప్పాను, ఇద్దరి చేతులూ జిగురుతో అంటుకుపోయేదాకా.