మెరక మీద సమాధి

మధ్యాహ్నం దాటినా గొయ్యి మొలలోతుకు దిగలేదు. తవ్వేవాళ్ల బద్ధకం తప్ప అందుకు వేరే కారణమేదీ ఓవర్సీరు స్ప్రేగ్‌కు కనిపించలేదు. ఆరుగురి వీపుల మీదా తలో కొరడా దెబ్బ వేసుకుంటూ వెళ్లి, చివరివాడి దగ్గర ఆగి మొహం తుడుచుకుని, మళ్లీ మొదటివాడి దగ్గరికి వచ్చాడు.

మొదటివాడు క్వాష్. గవర్నరుగారి బానిస, యాభై ఏళ్ల తాపీమేస్త్రి. పట్నంలో కోర్టు భవనం మెట్లు కట్టింది అతనే. రోజుకు ఒక డాలరు చొప్పున అతన్ని ఆ పనికి అద్దెకిచ్చారు. ఆ డాలరు గవర్నరుగారికి చేరేది. ఏటా జులై నాలుగున, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున, గవర్నరుగారు ఆ మెట్ల మీదే నిలబడి స్వేచ్ఛ గురించి ఉపన్యసించేవారు. క్వాష్ బళ్ల దగ్గర గుర్రాల్ని పట్టుకుని వినేవాడు.

గవర్నరు హార్గ్రోవ్ పోయి మూడు రోజులైంది. ఆగస్టు ఎండలు. సీసపు రేకు కొట్టిన పెట్టెలో పడుకోబెట్టి చుట్టూ మంచుగడ్డలు పేర్చారు గాని, పొద్దుటికే ఆ మంచు నీళ్లయిపోయింది. ఏటికి పోటొచ్చే వేళకు పట్నం పెద్దలంతా పడవల్లో దిగుతారు. ఈలోగా గొయ్యి తవ్వడం, నాలుగు వైపులా ఇటుక గోడ లేపడం అయిపోవాలి.

ఆ వరి చేల మధ్య నీరూరని నేల ఈ మెరక ఒక్కటే. అందుకే బురదలో పనిచేసి చచ్చినవాళ్లను యాభై ఏళ్లుగా ఇక్కడే పాతుతున్నారు. పేర్లు చెక్కిన రాళ్లు లేవు. తలాపున ఒక ఆల్చిప్పో, పగిలిన గిన్నో, ఎవరికి ఏది దొరికితే అది. గవర్నరుగారు బతికుండగా ఇటు తొంగి చూసింది లేదు. ఏటి మీద పోయే ప్రతి పడవకూ తండ్రి సమాధి కనబడాలని కొడుకు మేజర్‌కు బుద్ధి పుట్టింది. పొద్దున్నే ఆ చిప్పలూ గిన్నెలూ ఏరించి ఏట్లో పోయించాడు.

ఆ తరవాత క్వాష్‌ను పక్కకు పిలిచాడు. వచ్చే వారం ఆస్తి ముగ్గురు పిల్లలకూ పంపకమవుతుంది. నూట నలభై మంది మనుషులూ ఆ ఆస్తిలో భాగమే. క్వాష్ కూతురు ఫిబ్బా, ఎక్కడో ఎగువన కాపురముంటున్న మేజర్ చెల్లెలి వాటాకు పడింది. సాయంత్రానికి సమాధి లేస్తే పిల్లను ఇక్కడే ఉంచేస్తానన్నాడు మేజర్. ఆ మాట ఏపాటి నిలుస్తుందో క్వాష్‌కు తెలుసు. అయినా పట్టుకోవడానికి చేతికి అందింది అదొక్కటే.

మొదటి ఎముక బయటపడ్డప్పుడు అందరి పారలూ ఆగిపోయాయి. బుట్టలోకెత్తి ఏట్లో పారబొయ్యమన్నాడు స్ప్రేగ్. పక్కనున్న మింగో చేతులు ఆడక నిలబడిపోతే, క్వాషే వంగి ఎత్తాడు. చచ్చినవాళ్లకు నొప్పి తెలీదు, ఫిబ్బాకు తెలుస్తుంది అనుకున్నాడు. ఆ మాటే లోపల తిప్పి తిప్పి అనుకుంటూ నాలుగు బుట్టలు నింపాడు. వాటిలో తన తల్లి ఉందేమోనన్న ఆలోచనను దగ్గరికి రానివ్వలేదు.

ఓక్ చెట్టు నీడలో ఫాదరీగారు సాయంత్రం చదవాల్సిన ప్రసంగాన్ని పైకి చదువుకుంటున్నారు. ‘తన దాసుల మీద ఏనాడూ చెయ్యెత్తని తండ్రి’ అన్నారు. నచ్చక, ‘చెయ్యెత్తి ఎరగని తండ్రి’ అని మార్చి చూసుకున్నారు.

ఒక రకంగా అది అబద్ధం కాదు. ముప్పై రెండేళ్ల కిందట, ఇంగ్లండు రాజుతో యుద్ధం జరిగే రోజుల్లో, ఆ రాజుగారి ఓడలు ఏటి మొగలో ఆగి, తమ దగ్గరికి పారిపోయి వచ్చిన బానిసలకు విడుదల ఇస్తామన్నాయి. వరి చేలల్లో పనిచేసే బైనా అనే ఆవిడ కొడుకు కజ్జో చీకట్లో ఈదుకుంటూ పోయి సగం దారిలో దొరికిపోయాడు. హార్గ్రోవ్ గవర్నరై అప్పటికి నెల. మెడకు ఇనప కడియం వేయించి, రెండు వందల దెబ్బలని కాగితం చూసి తనే చదివాడు. కొట్టింది వేరేవాళ్లు. తను లోపలికెళ్లి, మనుషులంతా పుట్టుకతోనే స్వతంత్రులని కొత్త రాష్ట్రానికి రాస్తున్న చట్టం ముందు కూర్చున్నాడు. రెండో రోజు తెల్లవారకముందే కజ్జో పోయాడు. అందరికీ గుర్తుండేలా కడియంతోనే పాతమన్నారు. పాతినవాడు క్వాష్. అప్పుడతనికి పద్దెనిమిదేళ్లు.

ఎక్కడ పాతాడో తెలుసు గనకే ఆ మూలకు పోకుండా తప్పించుకుంటూ తవ్వుతున్నాడు. స్ప్రేగ్ తాడు పట్టి కొలిచి, ఆ మూలే మిగిలిందన్నాడు. అప్పటికే బైనా వచ్చి అక్కడ కూర్చుని ఉంది. డెబ్భై అయిదేళ్ల మనిషి, కాళ్లు చాపుకుని, సొంత ఇంటి ముంగిట్లో కూర్చున్నట్టు.

"లే ముసలీ."

"మా పిల్లోడు పడుకున్న చోటు దొరా ఇది. నేనెల్లిపోతే ఆడొక్కడే అయిపోతాడు."

స్ప్రేగ్ కొరడా మూడుసార్లు లేచి పడింది. ఆమె కదల్లేదు. కొరడా తిరగేసి పిడితో మూతి మీద కొట్టాడు. నెత్తురుతో పాటు, ఉన్న రెండు పళ్లూ ఒళ్లో పడ్డాయి. లాగి పారెయ్యమని క్వాష్‌ను కేకేశాడు.

క్వాష్ వెళ్లి ఆమె చంకల కింద చేతులు వేశాడు. ఎండుగడ్డి మోపంత తేలిగ్గా ఉంది.

"పాతింది నువ్వేగదరా. తవ్వి తీసేదీ నువ్వేనా?" అంది బైనా, అతనికి మాత్రమే వినపడేలా.

"ఫిబ్బాని పంపించేత్తారు పెద్దమ్మా."

"తెలుసు," అంది. అతన్ని తిట్టనైనా తిట్టలేదు.

ఆమెను గట్టు మీద దింపి వచ్చి తవ్వాడు. ఆరో పారకో ఏడో పారకో ఇనుము ఖంగుమంది. స్ప్రేగ్ గోతిలోకి దిగి, కడియాన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. పుర్రె ఊడి అతని బూటు పక్కకు దొర్లింది. ఇనుము ఇంకా గట్టిగానే ఉందని, అందులో ఇరుక్కున్న మెడ ఎముకల్ని ఇటుకకేసి కొట్టి దులపబోయాడు. బైనా పాకుతూ వచ్చి అతని మణికట్టు రెండు చేతులా పట్టుకుంది. అతను విదిలించాడు. ఆమె వదల్లేదు. ఆ కడియంతోనే ఆమె నడినెత్తి మీద కొట్టాడు. పట్టు సడలాక కూడా ఇంకోసారి కొట్టాడు.

ఫాదరీగారి చదువు ఆగిపోయింది. బైనా కజ్జో గోతిలోకి సగం వాలి ఉండిపోయింది. నెత్తురు ఆ ఎర్ర మట్టిలో ఇట్టే ఇంకిపోయింది.

మేజర్ గుర్రమెక్కి వచ్చి, ఏమైందని అడిగాడు. ఎండదెబ్బ తగిలి పడిపోయిందన్నాడు స్ప్రేగ్. మేజర్ ఫాదరీగారి వైపు చూశాడు. ఆయన తల వంచుకుని చేతిలోని కాగితాలు సర్దుకున్నారు.

క్వాష్ పైకెక్కి, పారను నేల మీద పెట్టాడు. విసిరెయ్యలేదు, మెల్లగా పెట్టాడు.

"పార తియ్యరా," అన్నాడు మేజర్. "ఫిబ్బా సంగతి చెప్పాను, గుర్తుందా?"

"ఉంది దొరా."

"తియ్యి మరి."

"తియ్యను."

తన నోటి నుంచి ఆ మాట అంత మామూలుగా ఎలా వచ్చిందో క్వాష్‌కే తెలియలేదు. స్ప్రేగ్ అతన్ని వెనక నుంచి పడదోసి, కుడి చేతిని ఇటుకల మీద పెట్టించి, బూటు మడమతో తొక్కాడు. వేళ్లు ఒక్కొక్కటే పటపటమన్నాయి. అరవకూడదనుకున్నాడు గాని అరిచాడు. మెరక కింద దాకా వినిపించేలా అరిచాడు.

వంటశాల నుంచి ఫిబ్బా పరుగెత్తుకొచ్చింది, మోచేతుల దాకా పిండి. తండ్రి చెయ్యి చూసింది. బైనాను చూసింది. మేజర్‌నూ, నేల మీది పారనూ చూసింది. తన బతుకును తండ్రి ఏం చేశాడో అర్థమయ్యే ఉంటుంది. ఆ చూపులో ఉన్నది కోపమో మరొకటో క్వాష్‌కు తెలియలేదు. తెలుసుకునే ధైర్యమూ లేకపోయింది. నలిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, జరుగుతూ వెళ్లి బైనా పక్కన కూలబడ్డాడు.

ఏటి మలుపులో మొదటి పడవ మీద డప్పు మోగింది.

"మింగో, నువ్వు తవ్వు," అన్నాడు మేజర్.

మింగోకు ముగ్గురు పిల్లలు. అతను పార అందుకున్నాడు. చేతుల్లో కాసేపు అటూ ఇటూ తిప్పాడు. అప్పటికే కొట్టేస్తున్నట్టు మెడ లోపలికి ముడుచుకుని, పారను గోతికి అడ్డంగా పడేసి, క్వాష్ పక్కన చతికిలబడ్డాడు. స్ప్రేగ్ కొరడా లేచింది. మింగో లేవలేదు.

మేజర్ నడుముకున్న పిస్తోలు తీసి, మూడోవాడి వైపు తిరిగాడు.