లైటు వెలగని కంట్రోలర్

"గిన్నెలు తోమడానికి చేతులకి ఆ తొడుగులేమిటమ్మా? వాటికేమైనా ఆపరేషన్ చేస్తున్నావా?" అంది అత్తయ్య.

నవ్వి, తొడుగులు పైకి లాక్కున్నాను. సబ్బునీళ్ళలో నానితే బొటనవేలి చర్మం మెత్తబడుతుంది, మెత్తబడిన వేలు కంట్రోలర్ మీద జారుతుంది. సమురాయ్ అనే జపాను కత్తివీరుడి కొత్త ఆట మా షాపుకి రావడానికి ఇంక వారం కూడా లేదు. అందాకా ఈ వేళ్ళని పెట్టుబడిలా దాచుకోవాలి. ఆ మాట అత్తయ్యతో అనలేను. ఆమె లెక్కలో ఆటలు ఆడేది కొడుకు, గిన్నెలు తోమేది కోడలు.

మాది వీడియో గేముల షాపు. కింద షాపు, పైన ఇల్లు. కొత్తవి అమ్ముతాం, పాతవి కొంటాం, అద్దెకిస్తాం. కౌంటర్లో ఆయన కూర్చుంటారు. వెనక సరుకు గదిలో నేనుంటాను. అద్దెకెళ్ళి తిరిగొచ్చిన కంట్రోలర్ల సందుల్లోంచి బిస్కెట్ పొడి, గోళ్ళ మట్టి పుల్లతో తియ్యడం, అరిగిన బటన్లు మార్చడం, వచ్చిన ప్రతి డిస్కునీ ఆడి చూడటం నా పని. ఆడి చూడకుండా పాత సరుకు కొంటే మునిగిపోతాం. అలా చూస్తూ చూస్తూనే ఆట వచ్చేసింది నాకు. కోరి నేర్చుకున్నది కాదు, పనిలో అంటుకున్నది. అంటుకున్నాక వదల్లేదు.

ఊళ్ళో కుర్రాళ్ళందరూ మా ఆయన్ని 'కత్తన్న' అంటారు. ఇంటర్నెట్‌లో ఆయన పెట్టే వీడియోల వల్ల వచ్చిన పేరు అది. తెరమీద సమురాయ్ శత్రువుల మధ్య కత్తి తిప్పుతుంటే, వెనకనుంచి ఆయన గొంతు వినిపిస్తుంది. "చూశారా తమ్ముళ్ళూ, తొందరపడ్డవాడు చచ్చాడు" అని. గొంతు ఆయనదే, కాదనను. మాటతో రాయికైనా చెమట పట్టించగలరు. కత్తి తిప్పేది మాత్రం నేను. మొదట్లో ఒకసారి ఆయన మణికట్టు బెణికితే నేను ఆడాను, ఆయన మాట్లాడారు. ఆ వీడియో జనానికి తెగ నచ్చింది. చెయ్యి నయమయ్యాక ఆయనే ఆడి ఇంకోటి పెట్టారు. దాని కింద జనం రాసిన మాటలు చదివి నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. "ఏంటన్నా, చెయ్యి ఇంకా తగ్గలేదా?" అని. ఆ రోజునుంచీ ఆట నాకు వదిలేశారు.

"మాట నాది, చెయ్యి నీది. వచ్చేది ఒకే ఇంటికి. పేరు ఎవరిదైతే ఏం?" అన్నారు అప్పుడు. బేరం నష్టమనిపించలేదు. నేను పుట్టింది వ్యాపారం చేసే ఇంట్లో, ఎవరి దగ్గర ఏముందో చూసి పొత్తు కలుపుకోవడం నాకు కొత్త కాదు. కానీ పొత్తు కలిపేటప్పుడు ఒక సరుకు తూకం వెయ్యడం మరిచిపోయాను. పేరు కూడా సరుకే. నిలవ ఉంచినకొద్దీ దాని ధర పెరుగుతుంది, అది ఎవరి కొట్లో ఉంటే వాళ్ళకే పెరుగుతుంది. ఇప్పుడాయన బజారుకి వెళ్తే కుర్రాళ్ళు పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. నేను వెళ్తే కూరగాయలాయన సంచి తెచ్చారా అని అడుగుతాడు.

కొత్త ఆట గురించి మొదటి ట్రైలర్ వచ్చినప్పటినుంచీ నాకు వేరే ధ్యాస లేదు. ఉల్లిపాయలు వేగుతుంటే ఫోను గట్టుమీద ఆనించి చూసేదాన్ని. వాన పడుతుంటుంది. వంతెన మీద ఒక్కడే నిలబడి ఉంటాడు. కత్తి ఇంకా ఒరలోనే ఉంటుంది. ఎదుటివాడు పరుగెత్తుకొస్తాడు. ఇతని ఎడమచేతి బొటనవేలు కత్తిపిడిని కొద్దిగా, గోరంత, ముందుకి తోస్తుంది. అంతే, అక్కడ ట్రైలర్ ఆగిపోతుంది. జనమంతా వాన ఎంత బాగుందో మాట్లాడుకున్నారు. నేను ఆ బొటనవేలినే చూశాను. పాత ఆటలో అది లేదు. అంటే ఈసారి దెబ్బ కాచుకోవడానికి ముందు ఒక సన్నాహం పెట్టారన్నమాట, దాన్ని పట్టుకున్నవాడికే ఆట లొంగుతుంది. ఆ విషయం ఆయనకి చెప్తే మర్నాడే వీడియోలో "నేనొకటి గమనించాను తమ్ముళ్ళూ" అన్నారు. అది వింటుంటే వంటింట్లో కూర మాడింది. అత్తయ్య వచ్చి, "ధ్యాసెక్కడుందే తల్లీ" అంది. ఆ ప్రశ్నకి నిజమైన జవాబు చెప్పుంటే ఆవిడ కుర్చీలో కూలబడేది.

ఆ ఆటంటే ఎందుకింత పిచ్చి అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. నాకు తోచింది ఇదీ. ఆ లోకంలో తూకం సరిగ్గా ఉంటుంది. సరైన క్షణంలో కాచుకుంటే కాచుకున్నట్టే, మరొకరు వచ్చి "అదెంత పని" అనరు. ఓడితే నేనే ఓడతాను, గెలిస్తే నేనే గెలుస్తాను. ఇంట్లో అలాకాదు. పొద్దున్నుంచి నిలబడి చేసిన పని పక్కవాళ్ళ నోట 'కాస్త సాయం' అయిపోతుంది.

విడుదలకి ముందు కంపెనీ వాళ్ళు కొన్ని షాపుల్లో ఆటని నలుగురి ముందూ ఆడి చూపించమన్నారు. వాటిలో మా షాపు ఒకటి. ఆ కబురు వచ్చిన రోజు అన్నం వడ్డిస్తూ అడిగాను.

"ఏమండీ, ఈసారి నేను ముందు కూర్చుని ఆడనా? మీరు పక్కన నిలబడి మాట్లాడండి."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. "నలుగురి ముందా? కుర్రాళ్ళు ఏమనుకుంటారు?"

"బాగా ఆడుతుందనుకుంటారు."

"కత్తన్న అబద్ధమనుకుంటారు. ఇన్నాళ్ళు కట్టిన పేరు ఒక్క పూటలో పోతుంది. షాపు ఎవరిదనుకున్నావ్, మనది కాదూ?"

అత్తయ్య మజ్జిగ పోసుకుంటూ అంది, "మగపిల్లల మధ్య కూర్చుని ఆ బొమ్మ కత్తులు తిప్పుతావా? నీకంత ఖాళీ ఉంటే మేడ మీద బట్టలున్నాయి, మడత పెట్టు."

బట్టలు మడత పెట్టాను. మడతపెడుతూ ఆలోచించాను. ఆయన మాటలో నిజం ఉంది, అదే నాకు బాధ. పేరు పోతే నష్టం షాపుకి, షాపు నాది కూడా. ఆయన్ని దెబ్బ కొట్టాలంటే నా కాలు మీదే కొట్టుకోవాలి. ఈ పొత్తులో నన్ను కట్టేసిన తాడు అదే.

ఏర్పాటు ఆయనే చేశారు. షాపులో పెద్ద టీవీ ముందు ఒక కుర్చీ, దాన్లో ఆయన. అదే బొమ్మ వెనక సరుకు గదిలో చిన్న టీవీ మీద కనిపించేలా వైరు. అసలు కంట్రోలర్ గోడ ఇవతల నా చేతిలో. ఆయన చేతిలో దేనికీ కలపని ఉత్తది.

ఆ మధ్యాహ్నం షాపు నిండిపోయింది. కుర్చీలు చాలక కుర్రాళ్ళు డిస్కుల పెట్టెల మీద కూర్చున్నారు. ముందు వరుసలో కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి, ఆమె పక్కన పళ్ళ డాక్టరు. ఆ డాక్టరు మా పాత ఖాతాదారు. రోగుల్ని కూర్చోబెట్టి మరీ గేములు అద్దెకి తీసుకెళ్ళే మనిషి.

ఆట మొదలైంది. వాన, వంతెన, ఒరలో కత్తి. చిన్న టీవీ ముందు అట్టపెట్టె మీద కూర్చున్నాను. ఇన్నాళ్ళు ఎదురుచూసినది చేతిలోకి వచ్చింది. మొదటి శత్రువు వచ్చాడు. బొటనవేలితో పిడి కొద్దిగా తోశాను, వాడి కత్తి దిగబోయే లోపల కాచుకున్నాను. నేననుకున్నదే! గోడ అవతల ఒక్కసారిగా ఈలలు. "అదీ కత్తన్న అంటే!" నా ఒళ్ళు పులకరించింది, ఆ వెంటనే చల్లబడిపోయింది. ఆ ఈలలు గోడ దాటి రాలేదు, అక్కడే ఆయన ఒళ్ళో పడ్డాయి.

అప్పుడే కంపెనీ అమ్మాయి గొంతు వినిపించింది. "సర్, మీ కంట్రోలర్ లైటు వెలగట్లేదేంటి?"

ఉత్త కంట్రోలర్‌కి లైటెలా వెలుగుతుంది? ఇంతమందిని తెలివితక్కువ వాళ్ళనుకున్నాం ఇద్దరమూ. లైటు లేకుండా బొమ్మ కదిలితే ఆయన దొరికిపోతారని ఆడటం ఆపేశాను. ఆయన్ని కాపాడటానికే ఆపాను, అబద్ధం ఎందుకు? తెరమీద సమురాయ్ వానలో అలాగే నిలబడిపోయాడు.

"చార్జింగ్ అయిపోయినట్టుంది, ఇప్పుడే పోయింది" అన్నారాయన తడుముకోకుండా. "ఏమోయ్, లోపల ఇంకోటుంది చూడు, పట్టుకురా!"

కంట్రోలర్ పట్టుకుని, గుమ్మం పరదా తొలగించుకుని వచ్చాను. కుర్రాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. సగం దూరం రాగానే పెద్ద టీవీలో వంతెన చివర్నుంచి ఇంకొకడు పరుగెత్తుకురావడం చూశాను. వాడు కత్తి ఎత్తాడు. నేనేమీ అనుకోలేదు. నా బొటనవేలు అనుకుంది. పిడి తోసింది, కాచింది, నరికింది. ఆయన కుర్చీలో ఉత్త కంట్రోలర్‌తో కూర్చుని ఉన్నారు, నేను నడవలో నిలబడి ఉన్నాను, తెర మీద శత్రువు వంతెన మీంచి నీళ్ళలో పడ్డాడు.



పళ్ళ డాక్టరు ముందు తేరుకున్నాడు. "అమ్మో! కత్తన్నా, ఇంట్లో వాళ్ళక్కూడా నేర్పించావా? అదీ గురువంటే! ఏం ట్రైనింగయ్యా నీది!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనకే. అందరి కళ్ళ ముందూ చేసింది నేను, నా కళ్ళ ముందే అది ఆయన ఖాతాలో పడింది. నేను ఆయన ముఖం చూశాను. ఇప్పుడైనా ఒక్క మాట అంటారేమోనని చూశాను. అంటే ఏమీ పోదు. తప్పు సరిదిద్దుకోవడానికి దారి దానంతటదే వచ్చి కాళ్ళ దగ్గర నిలబడింది. "ఆడేది ఈవిడే" అంటే చాలు, కుర్రాళ్ళు నవ్వుకుని ఈలలేసేవాళ్ళు, షాపు పేరు ఇంకా పెరిగేది.

ఆయన నవ్వారు. "ఏదో, ఇంట్లో ఖాళీగా కూర్చుంటుంది కదా అని కాస్త నేర్పించాన్లే" అంటూ కంట్రోలర్ కోసం చెయ్యి చాపారు.

ఆ క్షణంలో లెక్క చూసుకున్నాను. ఈ పేరు పోతే షాపుకొచ్చే నష్టం ఎంతో నాకు తెలుసు, పోకపోతే నాకొచ్చే నష్టం కూడా తెలిసింది. ఇన్నాళ్ళు మొదటిదాన్నే కూడుతూ వచ్చాను.

కంట్రోలర్ ఆయన చేతిలో పెట్టాను. లైటు నీలంగా వెలుగుతోంది.

"వస్తున్నాడు చూడండి, ఇంకొకడు" అన్నాను. "కాచుకునే బటన్ ఏదో వీళ్ళందరికీ ఒక్కసారి చూపించండి."