ఆస్పత్రి చూడని తెల్లకోటు

నేను ఒక తెల్లకోటును. డాక్టరు కోటునని చెప్పుకోవడానికి నోరు రావడం లేదు. పుట్టి ఇన్నేళ్లయినా ఒక్క ఆస్పత్రి గుమ్మం తొక్కలేదు.

తెనాలిలో నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే కోటిలింగం నన్ను తన మిషన్ మీదే కుట్టాడు. చవకరకం గుడ్డ, నాలుగు బొత్తాలు. జేబులకు లోపల సంచి కూడా వేయలేదు. "స్టేజీ మీద జేబులో చెయ్యి పెట్టేదెవడు?" అన్నాడు. యముడి గదకూ పోలీసు టోపీలకూ మధ్య వేలాడేదాన్ని. నన్ను తొడుక్కున్నవాడు ఆఖరి రంగంలో వచ్చి, "మా ప్రయత్నం మేం చేశాం" అని తల దించుకుని పోయేవాడు. జనం కళ్లు తుడుచుకుని, ఇంటికెళ్లి అన్నం తిని పడుకునేవారు. ఆ రోజుల్లో అబద్ధం ఆడేముందు గంట కొట్టి తెర లేపేవాళ్లు.

తరవాత వేమూరు నుంచి ఫణీంద్ర వచ్చాడు. సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. చదువు లేకపోవడం తప్పని నేననను, నన్ను కుట్టిన చెయ్యి ఐదో తరగతిలోనే బడి మానేసింది. కాకపోతే ఆ చెయ్యి తెలియని కొలత కత్తిరించేది కాదు. ఫణీంద్రకు ఆ భయం లేదు. నన్ను అద్దెకు తీసుకెళ్లి తొడుక్కుని, వీడియో తీసుకుంటూ ఫోను ముందు నిలబడి నలభై సెకన్లలో తేల్చేశాడు: "షుగరు మాత్రలు కిడ్నీలు తినేస్తాయి. ఇవాళే ఆపండి. నానబెట్టిన మెంతులు ఇరవై ఒక్క రోజులు తినండి, చాలు."

అవే మాటలు అంతకుముందు గళ్ల చొక్కాతో చెబితే ఎవరూ చూడలేదట. నాతో చెబితే లక్షల మంది చూశారు. దాచడమెందుకు, నేను పొంగిపోయాను.

కొట్టు ఎదురుగా నాంచారమ్మ ఇస్త్రీ బండి ఉండేది. బొగ్గుల పెట్టెతో కొట్టు బట్టలన్నీ ఆమే ఇస్త్రీ చేసేది. ఆరేళ్లుగా షుగరు. పెద్దాసుపత్రిలో చుడీదారు వేసుకున్న కుర్ర డాక్టరమ్మ మాత్రలు రాసింది. "కోటు కూడా ఏసుకోదు, ఆయమ్మేం డాక్టరు!" అని నవ్వుతూనే మింగేది.

ఒక పొద్దున ఫోను పట్టుకుని కొట్లోకి వచ్చింది.

"లింగమన్నా, ఇటు చూడు! నేను గంజి పెట్టిన కోటే. డాక్టరుగారి ఒంటిమీద ఎట్టా నిలబడిందో!"

"నీ చేతి మడతంటే మాటలా చెల్లే" అన్నాడు కోటిలింగం.

"మాత్రలు ఆపమంటున్నాడన్నా. ఆపేద్దునా?"

ఫణీంద్రను ఆమె ఎన్నడూ చూడలేదు. కోటు అద్దెకు తెచ్చుకునే డాక్టరు ఉంటాడా అన్న అనుమానం కూడా ఆమెకు రాలేదు. 'వాడు ఫోన్లు బాగుచేసుకునేవాడు' అన్న మాటకు ఐదు సెకన్లు పట్టదు. కోటిలింగం వారం వారం వచ్చే బేరాన్ని తలుచుకున్నాడు. "నాకేం తెలుసు, నీ ఇష్టం" అని కత్తెర అందుకున్నాడు. మాట్లాడగలిగినవాడు ఊరుకున్నాడు. నాకు నోరే లేదు. ఉన్నా మాట్లాడి ఉండేదాన్నని ఒట్టు వేయలేను.

ఆమె మాత్రలు ఆపేసిన మూడో నెలలో ఇస్త్రీ పెట్టెలోంచి నిప్పు జారి కాలి మీద పడింది. ఆమెకు తెలియనే లేదు, కాలికి అప్పటికే స్పర్శ పోయింది. సాయంత్రం చెప్పు ఊడదీస్తే తోలు దాంతో వచ్చింది. పదిరోజులకు పుండు నల్లబడింది. ఆస్పత్రిలో ఆ డాక్టరమ్మే రెండు వేళ్లు తీసేసి, కాలు నిలిచేదీ లేనిదీ ఇప్పుడే చెప్పలేనందట. నిలబడి బతికే మనిషి ఆమె.

చూసొచ్చిన కోటిలింగం, ఫణీంద్ర వస్తే నన్ను ఇవ్వలేదు.

"ఏం బాబాయ్, కోటు చిరిగిందా?"

"కోటు బాగానే ఉంది. నేనే బాగాలేను. పో."

వాడు పోయి ఇంకో కోటు కొనుక్కున్నాడు. దానికి జేబుల్లో సంచులు కూడా ఉన్నాయట.

కాలు నిలిచింది. నాంచారమ్మ తిరిగొచ్చి, ఎత్తు పీట మీద కూర్చుని పని మొదలెట్టింది. కోటిలింగం నన్ను తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాడు. "వాడు డాక్టరు కాదని ఆ రోజే నాకు తెలుసు చెల్లే."

ఆమె తిట్టలేదు. "కాలు నీదైతే చెప్పేవాడివేలే అన్నా" అంది. నన్ను నాలుగు మడతలు పెట్టి బల్ల మీది దుప్పటి కింద పరిచింది. అప్పటి నుంచి వీధి బట్టలన్నీ నా మీదే ఇస్త్రీ అవుతున్నాయి. వేడి నాకు చేరుతూనే ఉంటుంది.

మొన్న ఒక పెద్దమనిషి ప్యాంట్లు ఇస్తూ ఫోను చూపించాడు. "ఈ డాక్టరు చెప్పింది విన్నావా? మాత్రలే అక్కర్లేదంట." ఆ వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. అందులో నేను మల్లెపువ్వులా ఉన్నాను.

నాంచారమ్మ దుప్పటి ఎత్తి, మాడి పసుపెక్కిన నా అంచు బయటికి లాగింది. "ఇదుగో సారూ, మీ డాక్టరు."

ఆయన నన్ను చూశాడు, ఫోను చూశాడు. "అయినా మెంతులు మంచివేగా?"

"తినండి సారూ, ఎవరొద్దన్నారు? మాత్ర మాత్రం మానబాకండి" అంటూ ఆమె చీర కుచ్చిళ్లు కాస్త పైకి తీసి కాలు ముందుకు చాపింది.

ఆయన వంగి చూశాడు. నేను చూడలేకపోయాను.