అత్తగారి బరువు

ఆ ఇంట్లో పొద్దున్నే ముఖం కడుక్కోగానే అత్తగారు బస్తాలు తూచే కాటా ఎక్కుతుంది. కోడలు ముల్లు చూసి గోడమీద సుద్దతో రాస్తుంది. మామూలుగా నలభై రెండు కిలోలు. వాన వచ్చేముందు ఆమె బరువెక్కుతుంది. రెండు కిలోలు పెరిగితే జల్లు, నాలుగు పెరిగితే పొలం తడిసే వాన. రేడియో తప్పిందేమో గానీ ఆమె ఏనాడూ తప్పలేదు. పక్కింటావిడ గోడమీంచి, "పెద్దమ్మ ఎంత తూగింది?" అని అడిగి మరీ బట్టలు ఆరేసుకుంటుంది.

ఈసారి ముల్లు నెలరోజులుగా నలభై రెండు దగ్గరే మొరాయించింది. వానే దిక్కైన గోధుమ చేను. పిలకలు వేసే వేళకి కింది ఆకులు పసుపు తిరుగుతున్నాయి. వసారాలో రెండు బస్తాల యూరియా ఉంది. తడిలేని నేలమీద చల్లితే అది గాల్లో కలిసిపోతుంది. కుంటలో నీళ్లు ఒక్క తడికే వస్తాయి. ఆ తడి ఇప్పుడే పెడితే, రేపు గింజ పాలుపోసుకునేటప్పుడు మిగిలేది తాలే. కొడుక్కి తిన్నది ఒంటబట్టడం లేదు.

"ఈ పంట కూడా పోతే క్వారీకి పోతాను" అన్నాడు పెళ్లాంతో.

వాళ్ల నాన్న వెళ్లింది ఆ క్వారీకే. తిరిగి రాలేదు. వంటింట్లో ఉన్న తల్లి ఈ మాట వింది.

మర్నాడు ఆమె చలేస్తోందని శాలువా కప్పుకుని కాటా ఎక్కింది. ముల్లు నలభై ఆరు చూపించింది.

కొడుకు నెలరోజుల్లో మొదటిసారి నవ్వాడు. ఏమీ తినకుండానే వెళ్లి రెండు బస్తాలూ చల్లేసి వచ్చాడు. మధ్యాహ్నమైనా మచ్చుకి ఒక్క మబ్బు లేదు. గింజలు గింజలుగా ఎరువు ఎండలో పడి ఉంది.

అత్తగారు విడిచిన చీర ఉతకబోయిన కోడలికి కొంగున ముడివేసిన గులకరాళ్లు దొరికాయి.

"ఇదేంటత్తయ్యా?"

"వాడు నవ్వాడు కదే" అంది అత్తగారు, తలెత్తకుండా.

"నవ్వారు. ఆ ఎరువు కాస్తా పోయాక ఆయన్ని ఎవరు ఆపుతారు?"

అత్తగారు చెప్పులైనా వేసుకోకుండా చేలోకి నడిచింది. సాలు వెంట సాలు తిరిగింది. ఇన్నేళ్లుగా ఒంట్లో మోసిన వానలన్నీ పాదాల్లోంచి దిగిపోయాయి. అడుగు పెట్టిన చోటల్లా నేల జానెడు లోతు తడిసింది, యూరియా కరిగి మట్టిలోకి ఇంకింది.

రాళ్ల సంగతి తెలిసి కొడుకు కోపంగా పరుగెత్తుకొచ్చాడు. ఆఖరి సాలు చివర తల్లి నిలబడి ఉంది, పాదాలు నేలకి ఆనకుండా. గాలి వీస్తే పక్కకి కొట్టుకుపోయింది. గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. చేటంత బరువు కూడా లేదు. అతనికి ఏడుపొచ్చింది.

"తడిసింది చూడు" అందామె.

పది రోజులకి చేను పచ్చబడింది. కుంటలో నీళ్లు అలాగే ఉన్నాయి. క్వారీ మేస్త్రీ కబురు పంపితే, "ఇంట్లో మనిషి కావాలి, రాలేను" అని చెప్పించాడు.

కాటా ఇప్పుడు మూలన పడింది. పొద్దున్నే ఆ గులకరాళ్లే తెచ్చి కొడుకు తన చేత్తో తల్లి కొంగున ముడివేస్తాడు.

"బరువుగా ఉందా అమ్మా?"

"ఉండనీ."