తౌనో చేరితేనే బీమా

మా కౌంటీలో వాషింగ్టన్ వాళ్ళు చేసిన ఆ కొత్త ఆరోగ్య బీమా చట్టాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. దాన్ని రాసినవాళ్ళు కూడా అంత ఓపికగా చదివి ఉండరు. కాబట్టి ఐలి పెల్టోలా పడ్డ పాట్లు చెప్పే హక్కు ఈ చుట్టుపక్కల నాకు తప్ప ఇంకెవరికీ లేదు.

ఐలి మా ఊళ్ళో ‘వేడి పళ్ళెం’ సంఘాన్ని నడుపుతుంది. ఇనుప గనులు మూతబడ్డాక ఇక్కడ మిగిలింది ముసలివాళ్ళూ మంచూ. ముసలివాళ్ళ ఇళ్ళకు వేడి భోజనం పంపడం, వాళ్ళను వ్యానులో ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకురావడం సంఘం పని. లాభం ఊసే లేని వ్యవహారం. చర్చి కింది నేలమాళిగలో వంటిల్లు, బాయిలరు పక్కన ఐలి బల్ల. మంచు సంగతంటారా, ఒక చలికాలం నేను పొగగొట్టంలోంచి దిగి ఇంట్లోకి వెళ్ళాను, బయటికి రావడానికి ఏప్రిల్ దాకా ఆగాను.

రెండు వేల పద్నాలుగు, ఆకులు రాలే కాలం. సంఘం పెద్ద రాస్ ట్రెవారో మెట్లు దిగి వచ్చాడు. పై వీధిలో ఇనుప సామాన్ల కొట్టు నడుపుతాడు, మొహం ఎప్పుడూ మేకు మింగినట్టే ఉంటుంది. ఆ రోజు రెండు మింగినట్టుంది.

“ఐలీ, కూర్చో.”

“కూర్చునే ఉన్నాను రాస్.”

“అయితే లేవకు. మన రెయినో బీమా డబ్బు ఇన్నేళ్ళూ మనం తిరిగి ఇస్తున్నాం కదా. అది కుదరదట. కొత్త చట్టం ప్రకారం తప్పట.”

రెయినో సారెలా వ్యాను డ్రైవరు. యాభై ఎనిమిదేళ్ళు. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు, వచ్చే వసంతంలో ఆపరేషను చేయాలన్నారు. బీమా కంపెనీలతో బేరమాడే తాహతు లేని చిన్న సంఘం కాబట్టి, పనివాళ్ళు ఎవరికి వాళ్ళే బీమా కొనుక్కుంటే ఆ డబ్బు సంఘం తిరిగి ఇచ్చేది. ఐలికి ముందున్నావిడ పెట్టిన ఆనవాయితీ. అది లేకపోతే రెయినో జీతంతో బీమా కట్టడం అయ్యే పని కాదు. ఐలి దాన్ని తన సంఘం చేసే మంచి పనుల్లో మొదటిదనుకునేది.

“తప్పంటే? ఎవరి సొమ్ము దొంగిలించాం?”

“దొంగిలించలేదు. ఇచ్చాం. అదే తప్పు.”

“ఇవ్వకపోతే?”

“ఇవ్వకపోతే ఏమీ లేదు. మనంత చిన్నవాళ్ళు ఒక్క సెంటు ఇవ్వక్కర్లేదు. ఇలా ఇస్తే మాత్రం మనిషికింత, రోజుకింత జరిమానా. ఏడాదిది కలిపితే ఈ వంటిల్లూ వ్యానూ నిన్నూ నన్నూ అమ్మినా చాలదు.”

“నిన్ను కొనేదెవరులే.” ఐలి కళ్ళజోడు తీసి తుడిచింది. అది తుడవాల్సినంత మురికిగా ఏమీ లేదు. “సరే, ఆ డబ్బు రెయినో జీతంలో కలిపేద్దాం.”

“జీతాలు రాష్ట్రం గ్రాంటులోంచి వస్తున్నాయి. ఆ గీత దాటి పెంచకూడదు. బీమాకైతే వేరే పద్దు ఉంది, ఖర్చు పెట్టుకోవచ్చు.”

“అంటే బీమా అని ఇస్తే వాషింగ్టన్ ఒప్పుకోదు, జీతమని ఇస్తే లాన్సింగ్‌లో మన రాష్ట్రం ఒప్పుకోదు.”

“అంతే.”

“హోటలైతే పులుసు ధర పెంచి గట్టెక్కుతుంది. నేను ఎవరికి పెంచాలి? మన భోజనం తినే తొంభై ఏళ్ళ మిసెస్ ఊలాకా?”

ట్రెవారో మేకు ఇంకో అంగుళం దిగినట్టు మొహం పెట్టి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఐలి ఫోను పట్టుకుంది. ప్రభుత్వం వారి సహాయ నంబరులో ముందు పాట వస్తుంది. ఆ పాట ఎంతసేపు వచ్చిందంటే, మూడో రోజుకి బాయిలరు కూడా అదే రాగంలో కూయడం మొదలుపెట్టింది. పాట ఆగాక ఒక అమ్మాయి బీమా డబ్బు ఇవ్వడం కుదురుతుందంది. మర్నాడు ఒకబ్బాయి కుదరదన్నాడు. ఆ పై రోజు ఇంకొకాయన, ఆ ప్రశ్న తన విభాగానిది కాదని చెప్పి మళ్ళీ పాటకు అప్పగించాడు. అందరూ ఎంతో మర్యాదస్తులు. పెట్టేసే ముందు ఇంకేమైనా సాయం కావాలా అని అడగనివాళ్ళు లేరు.

అక్కడితో ఆగలేక నా దగ్గరికీ వచ్చింది. చట్టమంతా చదివానని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నానుగా. దాచడమెందుకు, నేను చదవలేదు. గ్రంథాలయంలో దాని అచ్చు ప్రతి ఉంటే రెండు చేతులతో లేపి చూశాను. నడుం పట్టేసింది, దించేశాను. నాకు తెలిసిన చట్టమంతా ఆ నడుం నొప్పే. ఐలి అది విని, “నయం, నువ్వొక్కడివే నిజం చెప్పావు” అని వెళ్ళిపోయింది.

చివరికి ఒక బీమా కంపెనీ దారి చూపించింది. సంఘం మొత్తానికి కలిపి ఒకే బీమా తీసుకుంటే ఏ చట్టానికీ అడ్డు లేదు. కాకపోతే ఇంట్లోవాళ్ళ తరఫున బీమా లేనివాళ్ళంతా అందులో చేరాలి. వంటమనిషికి మొగుడి కంపెనీ బీమా ఉంది, వడ్డించే పిల్లకు అమ్మానాన్నల బీమా ఉంది. మిగిలింది ముగ్గురు: ఐలి, రెయినో, తౌనో. ముగ్గురిలో ఒక్కరు తగ్గినా బీమా లేదు.

తౌనో కెట్టునెన్ వెనక వంటింట్లో దుంపలు చెక్కుతాడు, గిన్నెలు తోముతాడు. అరవై రెండేళ్ళు వచ్చాయి, డాక్టరు మొహం చూసింది లేదు. పన్ను నొప్పి వస్తే పటకారు వెతుక్కునే రకం.

“చేరను పిల్లా” అన్నాడు, చెక్కు తీస్తూనే.

“నువ్వు ఒక్క సెంటు కట్టక్కర్లేదు తౌనో. అంతా సంఘమే కడుతుంది.”

“అందుకే చేరను.”

“బీమా లేకపోతే ప్రభుత్వం నీకు జరిమానా వేస్తుంది, తెలుసా?”

“వెయ్యనీ. రసీదు ఫ్రేము కట్టించుకుంటాను.”

“రెయినో కోసమైనా.”

“రెయినోను నేను కాదన్నానా? వాడు చేరనీ.”

“నువ్వు చేరకపోతే వాడూ చేరలేడయ్యా, నీకు పొద్దున్నుంచీ అదేగా చెబుతున్నాను.”

“ఆ నియమం నేను పెట్టలేదుగా” అని దుంపల బుట్ట తన వైపు లాక్కున్నాడు. ఐలి రోజూ అడిగింది, రోజూ అదే జవాబు. గట్టిగా అడిగితే చలికోటు తగిలించుకుని ఇంటికి పోయేవాడు. ఆ రోజుకి ట్రెవారో దుంపలు చెక్కేవాడు. ట్రెవారో చెక్కితే దుంపలో సగం చెక్కుతోనే పోయేది. కంపెనీ పెట్టిన గడువు దగ్గర పడింది.

శనివారం వచ్చింది. మా దగ్గర శనివారమంటే సౌనా. పెరట్లో చెక్క గది, లోపల ఎర్రగా కాగిన రాళ్ళు, వాటి మీద నీళ్ళు చల్లుకుంటూ ఆ ఆవిరిలో కూర్చుంటాం. ఫిన్లాండు నుంచి తాతలు తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే. సౌనాలో మనిషి చర్చిలో ఉన్నట్టే ఉండాలి. గొంతు పెంచకూడదు, పోట్లాడకూడదు, అడిగినవాళ్ళకు మంచి మాటే చెప్పాలి. తౌనో దేన్నయినా కాదంటాడు గానీ ఆ కట్టుబాటును కాదనడు. ఐలి ఆలోచన అదే.

తౌనో పెరట్లో సౌనా పొగ చూసి ఆయన లోపల ఉన్నాడని తెలుసుకుని, బట్టలు మార్చుకునే ముందు గదిలోకి వెళ్ళింది. బల్ల మీద మడతపెట్టిన ఆయన బట్టలున్నాయి. వాటి మీద కూర్చుంది.

“ఎవరది?” తలుపు వెనక నుంచి.

“ఐలిని.”

“నా ప్యాంటు ఇలా అందిస్తావా, నీకు పుణ్యముంటుంది” అన్నాడు తౌనో, గొంతులో తేనె పోసుకుని.

“అందిస్తాను. ముందు ఎందుకు చేరవో చెప్పు.”

రాళ్ళ మీద నీళ్ళు పడ్డాయి. బుస్సుమంది.

“మా నాన్న జీతంలోంచి నెలనెలా గని డాక్టరుకని కోసుకునేవాళ్ళు. ఆయన రక్తం కక్కుకుంటూ వెళితే ఆ డాక్టరు, బాగున్నావు, పనికి పో అన్నాడు. జీతమిచ్చేది కంపెనీ, డాక్టర్ని పెట్టేదీ కంపెనీయే. ఇంకేమంటాడు? మూడో షిఫ్టులో కూలిపోయాడు నాన్న. నాకు పని ఇచ్చేవాళ్ళు నా ఒంటి జోలికి రాకూడదు. అంతే పిల్లా.”

ఐలికి ఆ సంగతి తెలియదు. జాలిపడాల్సింది. కానీ నెలల తరబడి లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారిగా పైకొచ్చింది.

“నేను గని కంపెనీని కాదు తౌనో. నేను బాయిలరు పక్కన కూర్చుని మిసెస్ ఊలాకు ఉప్పు తక్కువ పులుసు పంపేదాన్ని. రెయినో గుండెకు నాలుగు డబ్బులు ఇస్తే నేరమన్నారు. ఇవ్వకుండా చేతులు దులుపుకుంటే మాత్రం నిక్షేపంగా ఉండొచ్చన్నారు. వాషింగ్టన్‌లో ఉన్నవాడూ, ఫోనులో ఉన్నవాడూ, ఆ ట్రెవారో, అందరూ ఎంత మర్యాదగా కుదరదంటున్నారంటే నాకు వాంతొస్తోంది. కనీసం నువ్వైనా మర్యాద లేకుండా చెప్పు.”

ఆమె గొంతు చెక్క గోడలు దాటి పక్కింటి కుక్క దాకా వెళ్ళింది. అది మొరిగింది.

లోపల బల్ల కిర్రుమంది. తర్వాత తౌనో మెల్లగా అన్నాడు, “సౌనాలో మర్యాద లేకుండా చెప్పడం కుదరదు.”

ఐలి తల చేతుల్లో పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

“మీ నాన్నతో కలిసి ముప్పై ఏళ్ళు ఇలాగే కూర్చున్నాను” అన్నాడు తౌనో. “ఒక్కసారి గొంతు పెంచలేదు ఆయన. నువ్వు పెంచావంటే లోపల ఏదో పగిలే ఉంటుంది. సరే, చేరతాను. కానీ ఆ కార్డు నా కంట పడకూడదు. నీ సొరుగులో పెట్టుకో.”

అలా బీమా వచ్చింది. జనవరిలో మొదలైంది. ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ కథ చెప్పేవాణ్ణే కాదు.

రెయినో గుండె డాక్టరు విస్కాన్సిన్‌లో ఉంటాడు. మాకు అదే దగ్గర, వంతెన దాటితే ఆ రాష్ట్రమే. ఈ కార్డు వంతెన దాటదట. మన రాష్ట్రంలోనే చూపించుకోవాలన్నారు. ఇక్కడి గుండె డాక్టరు తూర్పున మూడు గంటల దూరంలో ఉన్నాడు. రెయినో పాత కారు ఆ మంచులో ఆ దూరం పోయేది కాదు. సంఘం వ్యాను ఉందిగా అనుకుంది ఐలి. ట్రెవారో మళ్ళీ మెట్లు దిగాడు.

“వ్యాను అరవై నిండినవాళ్ళకే ఐలీ. గ్రాంటు నియమం. రెయినో దాన్ని నడపొచ్చు, దాంట్లో ఆస్పత్రికి వెళ్ళకూడదు.”

ఐలి లేచి బాయిలరును ఒక్క తన్ను తన్నింది. వెనక గదిలో దుంపలు చెక్కే చప్పుడు ఆగింది.

“నాకు అరవై రెండు” అన్నాడు తౌనో, గుమ్మంలోకి వచ్చి. “నాకు డాక్టరు అవసరం పడింది. తూర్పున ఉంటాడే, ఆయనే కావాలి. డ్రైవరు అక్కడిదాకా వచ్చాక ఖాళీగా ఏం చేస్తాడో నాకు అనవసరం.”

“నీకేం జబ్బని రాయను?” అడిగింది ఐలి.

“ముసలితనం. అబద్ధం కాదుగా.”

ట్రెవారో పైకప్పు వంక చూస్తూ, తను ఏమీ వినలేదన్నాడు.

వెళ్ళారు. కొత్త డాక్టరు రెయినోను చూసి, పాత పరీక్షలన్నీ మళ్ళీ మొదటి నుంచీ చేయించి, ఆపరేషను వసంతంలో కాదు, వేసవికి అన్నాడు. మంచిగా చూశాడట, కానీ తేదీలు లేవట. తౌనోను కూడా కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టి చూశారు. రక్తపోటు ఆకాశంలో ఉందన్నారు. వచ్చీ రాగానే మాత్రల సీసా ఐలి బల్ల మీద టక్కుమని పెట్టాడు.

“చూశావా పిల్లా. వెళ్ళేటప్పుడు ఆరోగ్యంగా వెళ్ళాను. వచ్చేటప్పుడు రోగిని చేసి పంపారు.”

“వేసుకుంటున్నావా?”

“డబ్బు సంఘానిదిగా, పారేయడమెందుకు.”

రెయినోకు జూలైలో ఆపరేషను అయింది. బతికాడు, ఇప్పటికీ వ్యాను నడుపుతున్నాడు. ఆ మరుసటి ఏడాది చివర్లో ట్రెవారో ఇంకో కబురు తెచ్చాడు. చిన్న సంఘాలు పనివాళ్ళ బీమా డబ్బు తిరిగి ఇవ్వడం మళ్ళీ తప్పు కాదట, కొత్త చట్టం చేశారట. మా పాత ఆనవాయితీకే పొడుగాటి పేరొకటి పెట్టి, నాలుగు షరతులు తగిలించారు. ఐలి ఆ పేరు ఒకసారి పైకి చదివింది. చదివి, ఫోను అందుకుంది. పాట మారలేదు.

ఇందులో ఒక్క ముక్క నేను కల్పించాను. ఐలి తౌనో బట్టల మీద కూర్చోలేదు. గుమ్మం బయట మంచులో నిలబడే మాట్లాడింది. ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు ప్యాంటు తొడుక్కుని బయటికి రావచ్చు, రాలేదు. మిగతాది, ఆ చట్టంతో సహా, నా కల్పన కాదు. నేను కల్పించి ఉంటే మనిషికి అర్థమయ్యేలా కల్పించేవాణ్ణి.