మూడో వేలిముద్ర

మార్కెట్ యార్డు గేటు పక్కన, గ్రేడింగులో తీసి పారేసిన కాయల్లోంచి ఒక పచ్చి టమోటాను ఏరి మునిశేఖర్ చేతిరుమాలుతో తుడిచాడు. గట్టిగా ఉండాలి, పుచ్చు ఉండకూడదు. దాన్ని స్టీలు డబ్బాలో వేసి, సంచిలో వేలిముద్రల యంత్రం పక్కన పెట్టుకున్నాడు. పరీక్ష మదనపల్లెలో అయినా, కుప్పంలో అయినా, ఆరేళ్లుగా ఆ రోజు పొద్దు ఇలాగే మొదలయ్యేది. ఈరోజు పుంగనూరు దగ్గర ఒక పల్లె బడి. అతనికి ఇదే ఆఖరిది.

ఆ సంగతి కంపెనీ వాళ్లు ఫోనులో రెండు వరుసల్లో పంపారు. బడిపిల్లలకు పెట్టే కంప్యూటరు సర్టిఫికెట్ పరీక్షలో వచ్చే నెల నుంచి ముఖాలను కెమెరాయే గుర్తుపడుతుంది. బయటి నుంచి మనిషి వెళ్లనక్కర్లేదు.

బస్సులో కండక్టరు అతన్ని చూడగానే ముందు సీటు మీది మూట తీశాడు. తన మోకాళ్ల నొప్పి గురించి మునిశేఖర్ ఎప్పుడో ఒక్కసారి చెప్పాడు, అంతే.

మునిశేఖర్‌కు యాభై తొమ్మిదేళ్లు. పలచగా నెరిసిన జుట్టు, ఇస్త్రీ చేసిన పొట్టిచేతుల చొక్కా. టైపు నేర్పిన ఇరవై ఏళ్లలో కుడి చిటికెన వేలు కొద్దిగా వంగిపోయింది. ఆ టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఈ పని దొరికింది.

బడిలో కరెంటు ఉంది, నెట్టూ ఉంది. పిల్లలు ఒక్కొక్కరే యంత్రం మీద బొటనవేలు పెట్టి, ఆకుపచ్చ దీపం వెలగ్గానే కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. చివరగా వచ్చిన రమ్యశ్రీకి ఎర్ర దీపం వెలిగింది. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎరుపే.

మూడోసారీ కాకపోతే ఆ పేరుతో ఇక పరీక్ష తెరుచుకోదు. ఈ బడికి పరీక్ష మళ్లీ ఏడాదికే. పదో తరగతి పిల్ల, అప్పటికి ఇక్కడ ఉండదు.

"ఆగమ్మా, వేలు పెట్టొద్దు," అన్నాడు. ఆ పిల్ల చెయ్యి చాపింది. వేళ్ల గీతల నిండా జిగురుగా, నల్లగా టమోటా చెట్ల పసరు.

"యాలమ్మా, పరీక్ష దినమే కోతకు పోతివి?"

"లోడు పొద్దన్నే పోవాల సార్. మా యవ్వ ఒక్కతే ఎన్ని బుట్టలు కోస్తాది? సోపేసి రుద్దితి, సర్ఫేసి రుద్దితి, పోలే." చేతిని పావడాకేసి మళ్లీ రుద్దుకుంది. "సర్టిఫికెట్టుకు పటం కట్టియ్యాలని యవ్వ అప్పుడే అద్దం కూడా కొనిపెట్టింది సార్."

కంప్యూటరు టీచరు మాధవీలత గోడ గడియారం చూసింది. "పరీక్షకు ఎనిమిది నిమిషాలే ఉండాయి సార్. రాయితో రుద్దుకోని రమ్మనేదా?"

"తోలు పోతాదమ్మా." అతను స్టీలు డబ్బా తెరిచాడు.

"ఏంది సార్, పరీక్షకు కూరగాయలు తెస్తిరి!"

"నవ్వింది చాలు గానీ, బ్లేడుంటే ఇయ్యి తల్లీ."

కాయను రెండుగా కోసి, ఒక సగం రమ్యశ్రీకి ఇచ్చాడు. "బొటనేలు దీంట్లోకి అదుము. ఇంకా గట్టిగా. ఇప్పుడు అన్ని వేళ్లకూ రుద్దు."

నల్లటి పసరు పచ్చగా కరిగి కారసాగింది.

పెళ్లయిన వారానికి, కురబలకోటలో అత్తగారి తోటలో, నవనీత అతని అరచేతిలో ఇలాగే పచ్చికాయ నలిపింది. "టైపు మాస్టరుకు ఇది కూడా తెలీదే!" అని నవ్వింది. తర్వాత ఇన్‌స్టిట్యూట్‌కు అన్నం క్యారియరు తెచ్చినప్పుడల్లా టైపు మిషన్ ముందు కూర్చునేది గానీ, చేతి పసరుకు మరకలవుతాయని మీటలు ముట్టుకునేది కాదు. ఒకరోజు కాయతో చేతులు రుద్దుకుని, కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ఒక్క వేలితో తన పేరు కొట్టింది. ఆ కాగితం కోసం, ఆమె చనిపోయిన ఏడాది, అతను ఇల్లంతా వెతికాడు.

రమ్యశ్రీ కడుక్కుని వచ్చింది. రుమాలు ఇచ్చాడు. తుడుచుకుని, వేలి మీద ఊదుకుని, కళ్లు మూసుకుని పెట్టింది.

ఆకుపచ్చ దీపం.

"టమోటా పాసయిందిరోయ్!" అన్నారెవరో. గది గొల్లుమంది.

తర్వాత గంటసేపు మీటల చప్పుడే. అతను కళ్లు మూసుకుని విన్నాడు. టైపు మిషన్‌లో లాగా వరుస చివర గంట మోగదు, అదొక్కటే తేడా.

తెర మీద ఉత్తీర్ణత కనబడగానే రమ్యశ్రీ అతని దగ్గరికొచ్చింది. "ఈ ఉపాయం ఎవురు నేర్పిచ్చిరి సార్?"

"మా ఇంటామె."

"మళ్లా పరీక్షకు మా చెల్లెలుండాది. కాయ అదే తెస్తాదిలే సార్, మీరు మోసుకోని రావొద్దు."

"మళ్లా పరీక్షకు కెమెరా మొగం సూస్తాదంట. మొగానికి టమోటా యాలకమ్మా?"

ఆ పిల్ల పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు. తాను రానని చెప్పలేదు.

కంపెనీకి పంపమని యంత్రాన్ని మాధవీలతకు అప్పగించి సంతకం చేశాడు. "పొయ్యొస్తానమ్మా," అని తేలికైన సంచిని భుజానికి తగిలించుకుని, రెండు గంటల బస్సుకు నడిచాడు.

సాయంత్రం గది తలుపులు వేయబోతూ మాధవీలత ఆగింది. యంత్రం ఉన్న బల్ల మీద సగం పచ్చి టమోటా ఉంది. కోసిన వైపు, రమ్యశ్రీ బొటనవేలు అదిమిన గుంటలో తడి ఇంకా ఆరలేదు.