జాజు పూసిన జీపు

యుద్ధం ముగిసి ఫౌజు నుంచి ఇళ్లకు వచ్చిన డ్రైవర్లలో కొందరు చేతి గడియారాలు తెచ్చుకున్నారు, కొందరు కంబళ్లు తెచ్చుకున్నారు. సిద్దిపేట రాజనర్సు మాత్రం జీపు తెచ్చుకున్నాడు. పూర్తి జీపు అనుకునేరు. లష్కర్ బస్తీలో ఫౌజు వాళ్ల పాత బండ్ల వేలంలో ఎవరూ చెయ్యి పెట్టని చట్రం, దాని కింద నాలుగు గాలి చక్రాలు, ముందు ఒక స్టీరింగు, అంతే. ఇంజను లేదు, సీట్లు లేవు, పైన రేకన్నది లేదు. తుప్పు మాత్రం కావలసినంత ఉంది. లారీ వెనక కట్టి దాన్ని తెచ్చి వాకిట్లో దింపిన రోజు భార్య చంద్రవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"రెండు మేకలమ్మి గీ ఇనుప మంచం కొనుక్కొచ్చినవా?" అంది.

రాజనర్సు నవ్వాడు. బర్మా బురదలో జీపు తోలిన చేతులవి. జీపు వాగులు ఎట్లా దాటుతుందో, గుట్టలు ఎట్లా ఎక్కుతుందో అతను చెప్పగా వినని మనిషి ఆ వాడలో లేడు. అయినా దాన్ని తన సరదాకు కొనలేదు, తల్లి బుచ్చవ్వ కోసం కొన్నాడు.

కొడుకు ఫౌజులో ఉన్నన్నాళ్లూ బుచ్చవ్వ కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంది. బిడ్డ ప్రాణాలతో తిరిగొస్తే గుడి దగ్గర రంగుల ముగ్గుతో పట్నం వేయిస్తానని మొక్కు. బిడ్డయితే వచ్చాడు గానీ, ఈలోగా ఆమె బావి మెట్ల మీద జారిపడి నడుము పోగొట్టుకుంది. ఎడ్లబండి ఎక్కిస్తే ఊరు దాటకముందే ఆ కుదుపులకు కళ్లనీళ్లు పెట్టుకునేది. ఉగాదితో జాతర అయిపోతుంది. ఈ ఏడూ పోకపోతే దేవుడికి మొహం ఎట్లా చూపించాలన్నదే ఆమె బెంగ.

"ఉగాది లోపల జీపుల కూసోబెట్టి తీస్కపోత అవ్వా" అని రాజనర్సు ఆమెకు మాటిచ్చాడు. ఇంజను పంపిస్తానని లష్కర్‌లో ఒక మోటారు మేస్త్రీ రాజనర్సుకు మాటిచ్చాడు.

ఇక తుప్పుతో కుస్తీ మొదలైంది. ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండు, ఇటుక పొడి, గడ్డిచుట్ట పెట్టి పొద్దస్తమానం రుద్దాడు. ఏడాదికి దాచుకున్న చింతపండు కుండ సగానికి వచ్చింది. "నీ జీపుకే పులుసు పొయ్యి, మాకు ఉప్పూ కారం చాలు" అని చంద్రవ్వ గొణిగింది, గొణుగుతూనే తనూ ఒక గడ్డిచుట్ట అందుకుంది. అలా రుద్దగా రుద్దగా ఇనుము తెల్లగా తేలింది. రంగు కోసం రాజనర్సు సంతోషంగా బజారుకు పోయాడు.

అంగళ్లలో రంగు దొరకలేదు. తిరిగొచ్చేసరికి వాకిట్లో చట్రం ఎర్రగా ఉంది. బుచ్చవ్వ పీట మీద కూర్చుని, పీటతో సహా జరుగుతూ, జాజు ఎర్రమట్టిని నీళ్లలో కలిపి మొత్తం పూసేసింది. పైన తెల్లటి సున్నం బొట్లు కూడా పెట్టింది.

"గడపకు పూసుకుంట, గదే చేత్తోటి దీనికీ పూసిన. దేవుని కాడికి పోయే బండి బోసిగ ఉంటదా బిడ్డా?" అంది.

మర్నాటికి జాజు పెచ్చులు లేచింది. దాని కింద ఆ తడికి తుప్పు మళ్లీ మొలిచింది. రాజనర్సు తల పట్టుకుని కూర్చున్నాడు. బుచ్చవ్వ మొహం చిన్నబోయింది.

"చెడగొట్టిన్నా కొడుకా?"

ఆ మొహం చూశాక ఎవరికి మాత్రం కోపం వస్తుంది? "లేదవ్వా, నువ్వు పెట్టింది మంచి రంగే. నీళ్లే వద్దు" అన్నాడు. ఫౌజు కార్ఖానాలో ఇనుముకు పూసే ఎర్ర రంగు అవిసె నూనె వాసన కొట్టడం అప్పుడు గుర్తొచ్చింది. చంద్రవ్వ మిగిలిన చింతపండు తెచ్చి ముందు పెట్టింది. మళ్లీ తోమి, ఆరబెట్టి, మరగకాచిన అవిసె నూనెలో జాజు కలిపి పూశారు. కొన్నాళ్ల ఎండకు అది గట్టిపడి నిగనిగలాడింది. బొట్లు మళ్లీ బుచ్చవ్వే పెట్టింది.

ఉగాది దగ్గరపడగా లష్కర్ నుంచి కబురొచ్చింది. మేస్త్రీ ఆ ఇంజను ఇంకెవరికో అమ్మేశాడు. రాజనర్సు అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ సాయంత్రం బుచ్చవ్వ, ఎట్లాగూ ఎక్కే యోగం లేదు, కనీసం కూర్చునైనా చూస్తానని చట్రం మీద చెక్క పలక వేయించుకుని కూర్చుంది. మర్నాడు వడ్లు ఎండబోయడానికి జాగ కావాలని చంద్రవ్వ ఆమెతో సహా దాన్ని భుజం పెట్టి నెట్టింది. వాకిట్లో బండరాళ్ల మీదుగా అది ఊగుతూ పోయింది. బుచ్చవ్వ మూలుగుతుందేమోనని చంద్రవ్వ ఆగి చూసింది.

"ఏందే ఆపినవు? ఉయ్యాలలెక్క ఉన్నది" అంది బుచ్చవ్వ.

చంద్రవ్వ లోపలికి వెళ్లి మొగుడిని లేపింది. "దాని కింద కుదుపులాపే కమాన్లు, గాలి చక్రాలు ఉన్నయి గద. ఇంజను లేకుంటేంది, మైసయ్యన్న ఎడ్లను కడుదాం."

రాజనర్సుకు పౌరుషం పొడుచుకొచ్చింది. "జీపుకు ఎడ్లా? ఊరంత నవ్వదా?"

"నవ్వితే నవ్వనియ్యి. అవ్వకు ఇచ్చిన మాట పెద్దదా, ఊరు పెద్దదా?"

 రాజనర్సు లేచి, పక్కింటి మైసయ్యను పిలవడానికి పోయాడు.

తెల్లవారగానే చట్రం ముందరి ఇరుసుకు నొగ బిగించి, కాడి కట్టి, ఎడ్ల పక్కన మైసయ్య నడిచాడు. రాజనర్సు ఫౌజు టోపీ పెట్టుకుని స్టీరింగు పట్టాడు, ఎందుకంటే ఎడ్లు ఎటు మళ్లితే చక్రాలను అటు తిప్పడం తప్పదు మరి. బజారు నిజంగానే నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఊరు దాటాక బండ్లబాట గుంతలు వచ్చాయి. తల్లి ఏడుపు వినబడుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ వెనక్కి తిరిగాడు. చంద్రవ్వ ఒడిలో తల పెట్టి బుచ్చవ్వ గురక పెడుతోంది. ఆ తర్వాత నవ్వేవాళ్లను అతను పట్టించుకోలేదు.

కొమురవెల్లిలో పట్నం వేయించాక జనం బండి చుట్టూ మూగారు. వాళ్లలో ఒకడు, "అవ్వా, జీపంటున్నవు, మరి ఇంజనేది?" అన్నాడు.

"ఇంజను రాకపోతే రాకపాయె" అంది బుచ్చవ్వ, కొడుకు చెయ్యి పట్టుకుని. "నేను మొక్కింది ఇంజను రావాల్నని కాదు. నా కొడుకు రావాల్నని."

రాజనర్సుకు కళ్లు చెమ్మగిల్లాయి. టోపీ తీసి దాంతోనే తుడుచుకుని, మైసయ్యను కూర్చోమని ఎడ్లకు తానే గడ్డి వేశాడు.